నాలుగు మీటర్ల సెడాన్: డీజిలా, పెట్రోలా

పొడవు 4 మీటర్లకు లోబడి, వెనక డిక్కీ విడిగా ఉండే కారును మన దేశంలో కాంపాక్ట్ సెడాన్ అంటారు. మారుతి డిజైర్, హోండా అమేజ్, హ్యుందాయ్ ఎక్సెంట్, దాని తర్వాత వచ్చిన ఆరా, టాటా జెస్ట్, టిగోర్, ఫోర్డ్ ఆస్పైర్, ఫోక్స్‌వ్యాగన్ ఏమియో ఈ కోవలోవి. 2008 నుంచి 2020 దాకా వీటిలో పేరున్న మోడళ్లన్నీ పెట్రోలు ఇంజన్‌తోనూ, డీజిల్ ఇంజన్‌తోనూ వచ్చాయి. షోరూంలోకి వెళ్లినవాళ్లు రంగు కంటే ముందు ఇంధనం తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కొత్త కారు కొనేవారికి ఆ తర్జనభర్జన లేదు. ఈ తరగతిలో డీజిల్ బండి ఏ కంపెనీ దగ్గరా దొరకదు. పాత కార్ల బజారులో మాత్రం రెండూ పక్కపక్కనే ఉంటాయి, ప్రశ్న కూడా అలాగే ఉంది.

ఈ ఎంపికను ఇంజన్ల మంచిచెడ్డల చర్చగా చూడటం అలవాటు. నిజానికి దాన్ని ఎక్కువగా నడిపించింది కేంద్ర బడ్జెట్, బంకు దగ్గర ధర, కాలుష్య నిబంధన. ఇంజనీర్లు ఆ మూడింటి వెనకే నడిచారు.

గీత గీసిన పన్ను

2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజన్ 1,200 సీసీ దాటకూడదు. డీజిల్‌కైతే 1,500 సీసీ దాకా వెసులుబాటు. సెడాన్లను కుదించే పని అక్కడే మొదలైంది. టాటా మోటార్స్ 2008 జనవరిలో ఇండిగో సీఎస్‌ను 4 మీటర్లలోపు ఇమిడ్చి తెచ్చింది. అదే ఏడాది వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, అంటే గీత దాటిన కారు. 2012లో రెండో తరం డిజైర్‌ను 3,995 మిల్లీమీటర్లకు కుదించారు. ఆ కారును పక్కనుంచి చూస్తే డిక్కీని ఎక్కడ కోశారో తెలిసిపోతుంది. చూపరులకు నచ్చకపోయినా కొనేవారికి ధర నచ్చింది.

సీసీల్లో ఆ 300 తేడా మీద పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, ఎంపికను అది లోపల్లోపల మలిచింది. పెట్రోలు ఇంజన్ 1.2 లీటర్ల దగ్గర ఆగిపోతే డీజిల్‌కు 1.5 లీటర్ల దాకా చోటు దొరికింది. 2013 ఏప్రిల్‌లో వచ్చిన హోండా అమేజ్‌నే చూడండి. పెట్రోలు ఇంజన్ 1,198 సీసీ, 88 పీఎస్. డీజిల్ 1,498 సీసీ, 100 పీఎస్. ఫోర్డ్ ఆస్పైర్ డీజిల్‌దీ 100 పీఎస్సే. ఏమియో డీజిల్ 110 దాకా వెళ్లింది. అంటే ఈ కార్లలో డీజిల్ కొన్నవారికి పొదుపుతో పాటు బలమైన ఇంజన్ కూడా వచ్చింది. పెట్రోలు బండిలో అంత జోరు కావాలంటే చాలావరకు పై తరగతి సెడాన్‌కే పోవాల్సి వచ్చేది.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడూ గీత చెరగలేదు. 28 శాతం పన్ను మీద చిన్న పెట్రోలు కారుకు 1 శాతం, చిన్న డీజిల్ కారుకు 3 శాతం సెస్సు వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ ఒకే 18 శాతం. పన్ను పట్టికలో డీజిల్‌కు సమాన హోదా దక్కేనాటికి ఈ తరగతిలో అమ్మడానికి డీజిల్ సెడానే మిగల్లేదు.

రెండు ఇంజన్లు, రెండు స్వభావాలు

పెట్రోలు ఇంజన్‌లో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో నిప్పు పెడతారు. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ ఉండదు. ఒట్టి గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ చిమ్మగానే దానంతట అదే అంటుకుంటుంది. డిజైర్ పెట్రోలు ఇంజన్ మిశ్రమాన్ని దాదాపు 11వ వంతుకు నొక్కితే, డీజిల్ ఇంజన్ గాలిని 17వ వంతుకు పైగా నొక్కుతుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే దిమ్మె మందంగా, విడిభాగాలు దిట్టంగా ఉండాలి. అందుకే ధర ఎక్కువ, బరువూ ఎక్కువ. 2017 డిజైర్‌లో డీజిల్ బండి పెట్రోలు బండి కంటే సుమారు 95 కిలోలు బరువు, అందులో ఎక్కువ ముందు చక్రాల మీదే.

మైలేజీ తేడాకు కారణాలు రెండు. ఎక్కువ నొక్కుడు వల్ల అదే ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టుకోవచ్చు. పైగా పెట్రోలు ఇంజన్‌లా తక్కువ వేగంలో గాలిదారిని మూసి నడపాల్సిన అవసరం డీజిల్‌కు లేదు. ఇది మొదటిది. రెండోది ఇంజన్ గొప్ప కాదు. డీజిల్ చిక్కనిది, లీటరుకు పెట్రోలు కంటే 10 శాతానికి పైగా శక్తి అందులోనే ఎక్కువ ఉంటుంది. లీటర్ల లెక్కన అమ్ముతారు కాబట్టి ఆ లాభమూ మైలేజీ ఖాతాలోనే పడుతుంది. పొగ లెక్కకు వచ్చేసరికి ఇదే ఎదురు తిరుగుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తే, లీటరు డీజిల్‌కు 2.6 కిలోలు దాటుతుంది.

డీజిల్ కార్లు మనకు కొత్తవేం కాదు. అంబాసిడర్‌కు 1980లోనే డీజిల్ ఇంజన్ పెట్టారు. 1998 చివర్లో ఇండికా వచ్చి డీజిల్ కారును మధ్యతరగతి ఇంటి ముందు నిలిపింది. అవన్నీ మోతబండ్లు. స్టార్ట్ చేస్తే సందంతా లేచేది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చింది. అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలో పెద్ద ఒత్తిడితో డీజిల్ నింపి ఉంచడం, కంప్యూటర్ చెప్పిన క్షణానికి, చెప్పిన మోతాదులో చిమ్మడం దాని కిటుకు. దాంతో మోత తగ్గింది, పికప్ పెరిగింది. ఆ పద్ధతిలో ఫియట్ 2003లో తెచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజన్ మన దేశపు చిన్న సెడాన్ల కథలో అసలు నాయకుడు. 1,248 సీసీ, 75 పీఎస్, 2,000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. 2007లో స్విఫ్ట్‌లో, మరుసటి ఏడాది డిజైర్‌లో డీడీఐఎస్ పేరుతో, టాటా బండ్లలో క్వాడ్రాజెట్ పేరుతో, షెవర్లే సెయిల్‌లో ఇంకో పేరుతో ఇదే ఇంజన్ తిరిగింది. ఆటో పత్రికలు దీన్ని సరదాగా దేశపు జాతీయ ఇంజన్ అనేవి. గిరాకీ ఎంతగా పెరిగిందంటే, మానేసర్‌లో తయారయ్యేవి చాలక మారుతి 2012 జనవరిలో ఏడాదికి లక్ష ఇంజన్ల దాకా కొనేందుకు ఫియట్‌తో ఒప్పందం చేసుకుంది.

నడిపే తీరులో తేడా ఒక్క రోజులో తెలుస్తుంది. మల్టీజెట్‌కు 2,000 ఆర్‌పీఎం లోపు ఊపిరి ఆడదు. టర్బో పూర్తిగా తిరిగేదాకా బండి బద్ధకిస్తుంది, తిరిగాక ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతూ ఫ్లైఓవర్ ఎక్కబోతే బండి ముక్కుతుంది, ఫస్ట్ గేరుకు దిగక తప్పదు. క్లచ్ కూడా కాస్త బరువే. అదే బండి విజయవాడ హైవే మీద, నలుగురు మనుషులు, నిండు డిక్కీ, ఏసీ వేసి ఉన్నా, టాప్ గేరులోనే లారీని దాటేస్తుంది. శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్ల మీద కూడా దానిదే పైచేయి. పెట్రోలు బండికి అక్కడ గేరు తగ్గించి ఇంజన్‌ను అరిపించాలి. ఊళ్లో మాత్రం అది తేలిగ్గా, చప్పుడు లేకుండా, చెప్పినట్టు నడుస్తుంది.

బంకు దగ్గర ధర

డీజిల్ చౌకగా ఉండటానికి కారణం కార్లు కానేకావు. లారీలు, ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు, పొలంలో ఆయిల్ ఇంజన్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి ప్రభుత్వాలు దశాబ్దాల పాటు దాని ధరను తొక్కిపెట్టాయి. రైతు పేరున ఇచ్చిన ఆ రాయితీలో సెడాన్ ఓనరుకూ వాటా దొరికింది. ఇది న్యాయం కాదని కిరీట్ పారిఖ్ నాయకత్వంలోని నిపుణుల సంఘం 2010 ఫిబ్రవరిలో తేల్చి, డీజిల్ కార్ల మీద అదనంగా 80,000 రూపాయల సుంకం వేయమంది. ప్రభుత్వం ఆ సుంకం జోలికి పోలేదు.

అదే ఏడాది జూన్‌లో పెట్రోలు ధర మీద అదుపు ఎత్తేసి, డీజిల్ మీద ఉంచేశారు. డీజిల్ సెడాన్లకు స్వర్ణయుగం అప్పుడే మొదలైంది. 2012 మే నెలాఖరుకు ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 రూపాయల దగ్గరే ఉంది. లీటరుకు 32 రూపాయల తేడా ఉంటే పెట్రోలు బండి కొనడం తెలివితక్కువ పనిలా కనిపించేది. దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిల్‌వే అయ్యాయి. కావాల్సిన డీజిల్ బండి కోసం నెలల తరబడి ఆగేవారు.

2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలకు 50 పైసల చొప్పున పెంచుకుంటూ పోయారు. 2014 అక్టోబర్‌లో దాని మీదా అదుపు తీసేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలు రోజూ మారడం మొదలైంది. 2020 జూన్ 24న ఢిల్లీలో వింత జరిగింది. పెట్రోలు 79.76, డీజిల్ 79.88. ఢిల్లీ ప్రభుత్వం డీజిల్ మీద వ్యాట్‌ను 30 శాతానికి పెంచినందువల్ల జరిగిన సంగతి అది, జూలై నెలాఖరున మళ్లీ తగ్గించారు. మన దగ్గర అలా కాలేదు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ డీజిల్ మీద వ్యాట్ శాతం తక్కువే. తెలుగు రాష్ట్రాల్లో డీజిల్ ఎప్పుడూ పెట్రోలు కంటే తక్కువకే దొరికింది.

కిలోమీటర్ల లెక్క

2017 మేలో వచ్చిన మూడో తరం డిజైర్‌లో పెట్రోలు ఎల్ఎక్స్ఐ షోరూం ధర 5.45 లక్షలు, డీజిల్ ఎల్‌డీఐ 6.45 లక్షలు. అంటే సరిగ్గా లక్ష తేడా. కంపెనీ ప్రకటించిన మైలేజీ పెట్రోలుకు లీటరుకు 22 కిలోమీటర్లు, డీజిల్‌కు 28.4. ఆ అంకెలు పరీక్ష గదిలోవి, రోడ్డు మీద వచ్చేవి కావు. ఊళ్లో తిరుగుడుకు పెట్రోలు 14, డీజిల్ 18 ఇస్తాయనుకుని లెక్క వేద్దాం.

2012 నాటి ధరల ప్రకారం పెట్రోలు బండికి కిలోమీటరుకు 5.21 రూపాయలు, డీజిల్‌కు 2.28. కిలోమీటరుకు దాదాపు 2.93 మిగులు. అదనంగా పెట్టిన లక్ష తిరిగి రావాలంటే 34,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,500 కిలోమీటర్లు నడిపేవారికి రెండేళ్లలోపే గిట్టుబాటు. నెలకు 600 నడిపేవారికి ఐదేళ్లు కావస్తుంది. ఆ లక్ష 10 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పు అయితే కట్టేది 1.27 లక్షలు, అప్పుడు గిట్టుబాటు గీత 43,500 కిలోమీటర్లకు జరుగుతుంది. ఈ ముక్క షోరూంలో చెప్పరు.

రెండు ధరలూ 80 రూపాయలే అయిన 2020 ఢిల్లీలో మిగులు 1.27కు పడిపోయి, గీత 78,000 దాటింది. నెలకు 600 కిలోమీటర్ల బండి పదేళ్లు దాటినా అసలు రాబట్టదు. 2024 మార్చి తర్వాతి హైదరాబాద్ ధరలు, పెట్రోలు 107.41, డీజిల్ 95.65, తీసుకుంటే మిగులు 2.36, గీత 42,000 పైచిలుకు. అంటే ధరల తేడా కరిగిపోవడం ఒక్కటే డీజిల్‌ను చంపిందన్న మాట మన రాష్ట్రాల్లో పూర్తిగా నిలబడదు. రెండు ధరలూ పెరిగేకొద్దీ మైలేజీలోని తేడాకే విలువ పెరిగింది.

ఈ లెక్కకు కొన్ని చిల్లర సవరణలున్నాయి. థర్డ్ పార్టీ బీమా సీసీని బట్టి ఉంటుంది గానీ ఇంధనాన్ని బట్టి కాదు. సొంత నష్టం బీమా బండి విలువను బట్టి కాబట్టి డీజిల్‌కు ఎక్కువే. పెట్రోలు వైపు కొత్తగా చేరింది ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలే ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా దొరుకుతోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాల నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. డీజిల్ బండికి ఆ బెడద లేదు.

తేడా వస్తే

పెట్రోలు ఇంజన్ మొరాయిస్తే చాలాసార్లు ప్లగ్గో, కాయిలో, సెన్సారో మార్చి సరిపెట్టుకోవచ్చు. డీజిల్‌లో ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో మూడూ సున్నితమైనవే, మూడూ ఖరీదైనవే. వీటికి నీళ్లు, మడ్డి పడవు. అందుకే డీజిల్ ఫిల్టరు మార్చడం వాయిదా వేయకూడదు.

బంకులో పొరపాట్లు కూడా ఈ ఎంపికలో భాగమే. పెట్రోలు నాజిల్ సన్నగా ఉంటుంది కాబట్టి డీజిల్ ట్యాంకులో సులువుగా దూరుతుంది. డీజిల్ నాజిల్ లావు, పెట్రోలు బండిలో అంత సులువుగా పట్టదు. కాబట్టి ఎక్కువగా బలయ్యేది డీజిల్ బండే. డీజిల్‌లోని జిడ్డే పంపుకు కందెన. పెట్రోలు ఆ జిడ్డును కడిగేస్తుంది, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. పొరపాటు తెలిసిన క్షణం తాళం కూడా తిప్పకుండా బండిని తోయించి పక్కన పెట్టి ట్యాంకు ఖాళీ చేయిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. పోనీలే అని స్టార్ట్ చేస్తే పెద్ద బిల్లే.

పొగ తెచ్చిన ముగింపు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అమల్లోకి వచ్చింది. ఇంధనంలో గంధకం పది లక్షల్లో 50 భాగాల నుంచి 10కి తగ్గింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి 25 నుంచి 4.5కి దిగింది. పెట్రోలు బండికి నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు 80 నుంచి 60కి మారిందంతే. పెట్రోలు ఇంజన్ చిన్న మార్పులతో గట్టెక్కింది. డీజిల్‌కు మసిని పట్టే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను అణిచే ఉత్ప్రేరకం, వాటికి తగిన సెన్సార్లు కావాల్సి వచ్చాయి. పెద్ద ఎస్‌యూవీ ధరలో ఆ ఖర్చు కలిసిపోతుంది. లక్ష తేడానే లెక్కలు వేసుకునే చిన్న సెడాన్ కొనుగోలుదారు దగ్గర అది దాగదు. 2019 ఏప్రిల్‌లో మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ మరుసటి ఏడాది నుంచి డీజిల్ కార్లు అమ్మబోమని ప్రకటించారు, అన్నట్టే చేశారు. ఏమియో 2020లో ఆగింది. ఫోర్డ్ 2021లో మన మార్కెట్ కోసం తయారీయే మానేసింది. ఆరా డీజిల్, అమేజ్ డీజిల్ కొంతకాలం లాక్కొచ్చాయి. రోడ్డు మీద నడుస్తుండగానే పొగ కొలిచే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి రానుండటంతో అవీ వెళ్లిపోయాయి.

ఆ మసి ఫిల్టరుకు ఒక షరతు ఉంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది పూడుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. కాల్చేందుకు చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి జారి దాన్ని పలచన చేస్తుంది. ఊళ్లోనే తిరిగేవారు బీఎస్-6 డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది, కిలోమీటర్ల లెక్క ఎలా ఉన్నా సరే.

ట్యాక్సీల్లో డీజిల్ ఖాళీ చేసిన చోటును సీఎన్‌జీ ఆక్రమించింది. డిజైర్, ఆరా, టిగోర్ మూడూ సీఎన్‌జీతో దొరుకుతాయి. సిలిండరు డిక్కీని చాలావరకు మింగేస్తుంది. టాటా రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున పరిచి కొంత చోటు మిగిల్చింది.

పాత బండి కొనేవారికి

ఎక్కువ తిరిగేవారే డీజిల్ కొన్నారు కాబట్టి పాత డీజిల్ బండి అంటే ఎక్కువ తిరిగిన బండే. ఏడేళ్ల డీజిల్ డిజైర్ మీటరు 45,000 చూపిస్తే సంతోషించే ముందు బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తొడుగు, డ్రైవరు సీటు అంచు చూడాలి. అవి నున్నగా అరిగి ఉంటే మీటరు అబద్ధం చెబుతోందన్నమాటే. సర్వీసు రికార్డు అడిగి ప్రతి సర్వీసు నాటి రీడింగూ సరిచూసుకోవాలి. నంబరు ప్లేటు తెలుపే అయినా ఆర్‌సీ చరిత్రలో ట్యాక్సీగా తిరిగిందేమో చూసుకోవాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడటం ముఖ్యం. మనం వెళ్లేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టి ఉంటే మరో పొద్దున్న వస్తానని చెప్పాలి. తొలి స్టార్టుకు సెల్ఫ్ ఎంతసేపు తిప్పాల్సి వచ్చిందో, వెనక ఏ రంగు పొగ వచ్చిందో గమనించాలి. గట్టిగా తొక్కినప్పుడు దట్టంగా నల్లపొగ వస్తే ఇంజెక్టర్ల మీదో టర్బో మీదో అనుమానం. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది. నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తే లోపలి నుంచి పొగ బుసకొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. అలాంటి బండికి ఎంత తగ్గించినా ఎక్కువే.

ఢిల్లీ పరిసరాల నుంచి వచ్చే బండ్ల సంగతి వేరు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. పెట్రోలు బండికి అప్పట్లో గడువు 15 ఏళ్లు. అందుకే ఎనిమిది, తొమ్మిదేళ్ల డీజిల్ సెడాన్లు నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)తో మిగతా రాష్ట్రాలకు చౌకగా దిగుతూ వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో డీజిల్ కారు ఆర్‌సీ కూడా పెట్రోలు కారులాగే 15 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి ఇక్కడ వాటికి ఇంకా ఆయుష్షు ఉంటుంది. ధర మాట్లాడేటప్పుడు మాత్రం ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను, ఎన్‌ఓసీ అసలుదేనా, ఫైనాన్స్ తాకట్టు తొలగిందా అన్న విచారణకయ్యే తిరుగుడును కూడా అందులో కలుపుకోవాలి.